మొదటి సోమవారం, పదకొండు గంటలు

సెప్టెంబర్ 17, బుధవారం

ఈ నోట్‌బుక్కి ఫిజిక్స్ రికార్డు అట్ట వేశాను. ఫిజిక్స్ రికార్డంటే మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. అక్క అయితే అది ఉన్న గదిలోకే రాదు.

నిన్న జరిగింది రాయకూడదనుకున్నాను. కానీ లోపల దాచుకుంటే నవ్వో ఏడుపో తెలియని శబ్దం ఒకటి బయటికొస్తోంది. క్లాసులో రెండుసార్లు వచ్చింది. ఎక్కిళ్ళనుకుని టీచర్ నీళ్ళు తాగి రమ్మన్నారు.

సరే, రాసేస్తాను. నిన్న సాయంత్రం అమ్మమ్మ లాండ్రీ మెట్ల మీద కూర్చుని హోంవర్క్ చేస్తుంటే నా ఫోను కీచుమంది. (ఫోను అక్కది. పగిలాక నాదైంది.) ఫ్లాష్ ఫ్లడ్ వాచ్ అని వచ్చింది.

"ఏమిటే అది?" అంది అమ్మమ్మ లోపల్నుంచి.

మా ఇంట్లో ఇంగ్లీషు ముక్క ఏదొచ్చినా నా దగ్గరికే వస్తుంది. మందు డబ్బాలో మడతపెట్టిన కాగితం, వాషింగ్ మెషీన్ గ్యారంటీ కార్డు, పై అంతస్తు వాళ్ళ కొరియర్, అన్నీ నేనే చదవాలి. ఇంగ్లీష్ మీడియం పిల్లని కదా! 'నాకు తెలీదు' అనే పాఠం మాత్రం నా సిలబస్‌లో లేదు.

ఫ్లాష్ తెలుసు. ఫ్లడ్ తెలుసు. వాచ్ దగ్గర ఆగాను. ఒక్క సెకనే. ఆ తర్వాత నా నోరు దానంతటదే చెప్పేసింది: "వరద వచ్చేస్తోందట. కంటికి కనిపిస్తోందట. ఉన్నపళంగా పైకి వెళ్ళమంటున్నారు!"

మా లాండ్రీ బిల్డింగు అడుగున ఉంది. వీధిలోంచి ఏడు మెట్లు దిగాలి. వెనక గోడకి ఆనుకునే సిమెంటు పలకలు కప్పిన కాలువ. అందుకని ఎవరూ రెండోసారి అడగలేదు. నలభై మూటలు మూడో అంతస్తులో మా ఇంట్లోకి చేరాయి. అమ్మమ్మ మోకాళ్ళు పట్టుకుని ఎక్కింది. కింద క్లినిక్కు డెంటిస్టు గారు నోట్లో దూది ఉన్న పేషెంటుని చెయ్యి పట్టుకుని ఎక్కించారు. నైట్ డ్యూటీకి బయల్దేరుతున్న అమ్మ యూనిఫాంలోనే నాలుగు బకెట్లు మోసింది.

ఎనిమిది చుక్కలు పడ్డాయి. లెక్కపెట్టాను.

దించేటప్పుడు మూటలు కలిసిపోయాయి. బస్సు కండక్టర్ గారి ఖాకీ ప్యాంటు డెంటిస్టు గారికి, డెంటిస్టు గారి తెల్లకోటు కండక్టర్ గారికి వెళ్ళాయి.

"ఏ కంపెనీ వాచే అది? టైము తప్పు చూపిస్తోంది," అంది అక్క. వీధంతా నవ్వింది. ఇవాళ పొద్దున్నకల్లా నాకు పేరు మారింది. రెడ్ అలర్ట్.

అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. తిట్టనూ లేదు.

నాకు భయం లేదు. ఊరికే రాస్తున్నాను.

సెప్టెంబర్ 18, గురువారం

పాల బూత్ తాతగారు: "రెడ్ అలర్టూ, గొడుగు తెచ్చుకోనా?" బయట ఎండ మాడ్చేస్తోంది.

ఈ జన్మకి ఎవరికీ ఏమీ చెప్పను. ఒట్టు.

సెప్టెంబర్ 20, శనివారం

ఆ మెసేజ్ అడుగున చిన్న అక్షరాల్లో ఒక నంబరుంది. అంత కిందిదాకా ఎవరు చదువుతారు? నేను చదివాను. బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఫోన్ చేశాను.

"హలో, వాతావరణ కేంద్రం," అని ఒక ఆడగొంతు, వెంటనే ఒక తుమ్ము.

"మేడమ్, మా స్కూలు ప్రాజెక్టు కోసమండీ..."

"ప్రాజెక్టు పేరేంటి?"

పేరు ఆలోచించుకోలేదు. "వాచ్ అంటే ఏంటి, అని."

"ప్రాజెక్టు కాదిది. ఎవర్నో హడలగొట్టావ్ నువ్వు," అన్నారు.

నేను ఫోన్ పెట్టేయబోయాను. "ఆగు ఆగు. మీ ఇంట్లో చంటిపిల్ల ఉందా?"

"లేదండీ."

"ఉందనుకో. నిద్రలో కాళ్ళు కొట్టుకుంటోంది, మూతి వంకర్లు తిప్పుతోంది. లేస్తే లేవొచ్చు, లేకపోతే మళ్ళీ పడుకోవచ్చు. ఏం చేస్తావ్?"

"పాలు వెచ్చబెట్టుకుంటా."

"అది వాచ్. ఇప్పుడు పిల్ల లేచి కేక పెట్టింది, లేదా పెట్టబోతోంది. ఏం చేస్తావ్?"

"ఎత్తుకుంటా."

"అది వార్నింగ్. అప్పుడింక పాలు, గ్లాసు, గుడ్డ అని వెతుక్కోకూడదు. ఎత్తుకోవడమే."

"మరి అడ్వైజరీ అండీ?"

"పిల్లకి ముక్కు కారుతోంది. చిరాకే గానీ ప్రాణం మీదికి రాదు," అంటూ తనే హాచ్ మన్నారు. నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వారు.

"వాచ్ ఇచ్చాక వరద రాకపోతే మీకు సిగ్గెయ్యదా మేడమ్?"

"ఇచ్చిన ప్రతిసారీ వచ్చేస్తే దాన్ని వాచ్ అని ఎందుకంటాం? రాకపోతే ఆ రోజు హాయిగా అన్నం తింటాను."

అక్క తలుపు బాదుతోంది. "లోపల స్నానమా, ఈతా?"

సెప్టెంబర్ 21, ఆదివారం

ఇవాళ్టి బులెటిన్. అక్క: వార్నింగ్. కారణం: తన దువ్వెన నా బ్యాగులో ఉంది, తను వెతకడం మొదలుపెట్టింది. ఎత్తైన ప్రదేశానికి వెళ్ళవలెను. (టెర్రస్ మీద కూర్చుని రాస్తున్నాను.)

అమ్మ: అడ్వైజరీ. నిద్ర చాల్లేదు.

మ్యాథ్స్ సారు: వాచ్. పరీక్ష పెట్టడానికి పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయి.

అమ్మమ్మ: ఏ హెచ్చరికా లేదు. ఎప్పుడూ ఉండదు. అదే నాకు అర్థం కాదు.

సెప్టెంబర్ 25, గురువారం

నాకు భయం లేదు. లాండ్రీ మెట్లు ఏడు. లోపలి గోడ మీద ఒక పాత మరక ఉంది, నాలుగో మెట్టు ఎత్తున. సున్నం వేసినా పోదు. ఎప్పటిదని అడిగితే అమ్మమ్మ చొక్కా కాలరు మీద నీళ్ళు చల్లింది.

ఈ మధ్య బూట్లు వేసుకునే పడుకుంటున్నాను. కాళ్ళకి చలి, అందుకే.

సెప్టెంబర్ 28, ఆదివారం

మళ్ళీ కుళాయి. మళ్ళీ జలుబు మేడమ్.

ఈసారి సైరన్ గురించి అడిగాను. ఫైర్ స్టేషన్ మీద ఉంటుందది. ప్రతి నెలా మొదటి సోమవారం, పదకొండు గంటలకి, పనిచేస్తోందో లేదో చూడ్డానికి మోగిస్తారు. మా వీధికి అది గడియారం. పాల బూత్ తాతగారు దాన్ని బట్టే టైము సరిచేసుకుంటారు. అమ్మమ్మ దాన్ని బట్టే లాండ్రీలోనే మధ్యాహ్నానికి కుక్కర్ పెట్టిస్తుంది. ఇదంతా జోకులా చెప్పాను.

మేడమ్ నవ్వలేదు. "కుక్కర్ పెడతారా?" అన్నారు.

"అవునండీ. రెండు గ్లాసులు."

"ఒక మాట గుర్తుపెట్టుకో. వాచ్ ఉన్న రోజు మేం టెస్ట్ చెయ్యం. రద్దు చేసేస్తాం. నిజంగా మోగించాల్సి వస్తే జనం టెస్ట్ అనుకుంటారని. అంటే, వాచ్ ఉన్న రోజు సైరన్ మోగిందంటే అది నిజమే. ప్రతి నోటీసులోనూ వేస్తాం ఈ ముక్క. ఎవరు చదువుతారు?"

"నేను చదువుతా."

"చదివితే చాలదు. మీ వాళ్ళకి చెప్తావా?"

"చెప్తానండీ."

అబద్ధం. ఒట్టు వేసుకున్నాను కదా.

అక్టోబర్ 5, ఆదివారం

పరీక్షలైపోయాయి. సెలవులు.

ఫోను కీచుమంది. రేపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫ్లాష్ ఫ్లడ్ వాచ్. పైన కొండలకీ, మన కాలువకీ.

వాచే కదా. పిల్ల ఇంకా లేవలేదు. ఎవరికీ చెప్పాల్సినంత పనేం లేదు. స్కూలు బ్యాగులో టార్చి, అమ్మ సర్టిఫికెట్లు, అమ్మమ్మ మోకాళ్ళ మందు, ఈ నోట్‌బుక్ సర్దాను. అక్క దువ్వెన కూడా పెట్టాను, పాపం.

పాలు వెచ్చబెట్టాను. అంతే.

రేపు మొదటి సోమవారం. ఇప్పుడే చూశాను.

అక్టోబర్ 6, సోమవారం

అందరూ బాగున్నారు. ముందే రాసేస్తున్నాను, మళ్ళీ చదివినప్పుడు నాకే గుండె ఆగిపోకుండా. అందరూ బాగున్నారు, అందరూ తడిశారు, అందరూ మా ఇంట్లోనే ఉన్నారు, నాకు కూర్చోడానికి చోటు లేక బాత్రూంలో బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని రాస్తున్నాను.

పొద్దున ఆకాశం చూస్తే బట్టలు ఆరేసుకోమన్నట్టుంది. ఒక్క మబ్బు లేదు. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి మూడో అంతస్తులో పడుకుంది. లాండ్రీలో రెండు మెషీన్లూ తిరుగుతున్నాయి. అమ్మమ్మ ఇస్త్రీ, అక్క కౌంటరు. కండక్టర్ గారు పన్నెండింటి డ్యూటీకి వెళ్ళాలి. ఉన్న ఒక్క ఖాకీ జతా అప్పుడే ఉతికి ఆరబెట్టాం. అది ఆరేదాకా నడుముకి తువ్వాలు, పైన కొక్కేనికి వేలాడుతున్న డెంటిస్టు గారి తెల్లకోటు తొడుక్కుని స్టూలు మీద కూర్చున్నారు.

"ఈ కోటు నాకు రాసిపెట్టి ఉందమ్మా. మొన్నా వచ్చింది, ఇవాళా వచ్చింది," అన్నారు.

"రెడ్ అలర్ట్ పుణ్యం," అంది అక్క.

సైరన్ మోగింది.

"పదకొండైంది. కుక్కర్ పెట్టవే," అంది అమ్మమ్మ తలెత్తకుండా.

"రెడ్ అలర్టూ, మీ చుట్టాలు పిలుస్తున్నారు," అంది అక్క.

నా ఫోను పైన, అన్నీ సర్దిపెట్టిన ఆ బ్యాగులో ఉంది. అయినా ఫోనుతో పనేముంది? నాకు తెలుసు. వాచ్ ఉన్న రోజు టెస్ట్ చెయ్యరు.

నిజం రాస్తాను. నేను కుక్కర్ తీశాను. బియ్యం కొలిచాను. ఒక గ్లాసు. రెండు గ్లాసులు. అదేం సైరనో తెలిసి, అది మోగుతూ ఉండగానే, నేను నిలబడి బియ్యం కడిగాను. ఎందుకంటే మళ్ళీ నవ్వుతారు.

రెండోసారి కడిగిన నీళ్ళు పారబోస్తుంటే నీళ్ళు కిందికి పోలేదు. తొట్టి కన్నంలోంచి గుడగుడమని మట్టి రంగు బుడగ ఒకటి పైకొచ్చింది.

"అమ్మమ్మా, ఇది టెస్ట్ కాదు."

నా గొంతు ఎలక గొంతులా వచ్చింది. మెషీన్ల చప్పుడులో ఎవరికీ వినపడలేదు. ఈసారి అరిచాను.

"ఎన్ని చుక్కలు? ఎనిమిదా?" అంది అక్క.

"బయట ఎండ చూశావా తల్లీ?" అన్నారు కండక్టర్ గారు.

"వాన ఇక్కడ కాదండీ, కొండల మీద! నీళ్ళొచ్చేది ఇక్కడికి! ఇవాళ వాచ్ ఉంది. వాచ్ ఉంటే టెస్ట్ రద్దు. మోగిందంటే నిజందే!"

"వాచ్ ఉందా? ఎప్పట్నుంచి?"

"నిన్న వచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"మీరు నవ్వుతారని."

అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆ రోజూ ఇలాగే, అన్నీ తెలిసినట్టే చెప్పావ్."

"ఆ రోజు నాకు తెలీదు!" అన్నాను. ఏడుస్తున్నాననుకుంటా. "వాచ్ అంటే ఏంటో నాకు తెలీదు. ఇంగ్లీష్ మీడియం కదా, తెలీదంటే పరువు పోతుందని నోటికొచ్చింది చెప్పాను. తర్వాత ఫోన్ చేసి కనుక్కున్నాను. ఇవాళ తెలుసు."

అమ్మమ్మ ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. మరక పోతుందా పోదా అని బట్టని చూస్తుందే, అలా చూసింది నన్ను.

"ఏమన్నావ్? మళ్ళీ అను."

"తెలీదు అన్నాను."

"ఈ పిల్ల నోట్లోంచి ఆ మాట పుట్టిన్నాటి నుంచి వినలేదు నేను," అంది అమ్మమ్మ. చెయ్యి పైకెత్తి మెయిన్ స్విచ్ దించేసింది. మెషీన్లు ఆగిపోయాయి. చీకట్లో సైరన్ ఒక్కటే. టెస్ట్ ఎప్పుడూ నిమిషంలో ఆగిపోతుంది. ఇది ఆగడం లేదు.

"పదండి. ఒక్క మూట కూడా ముట్టుకోవద్దు. ఒక్కటి కూడా!"

అమ్మమ్మ అలా అరవడం నేనెప్పుడూ వినలేదు. కండక్టర్ గారు ఒక రెక్క, నేనో రెక్క పట్టుకున్నాం, అక్క వెనక నుంచి తోసింది. ఏడు మెట్లు. ఇన్ని రోజులు లెక్కపెట్టినా అవి అంత ఎత్తని తెలీలేదు.

వీధిలో చూస్తే ఎవరి పనిలో వాళ్ళు. పాల బూత్ తాతగారు గడియారం ముల్లు పదకొండుకి తిప్పుతున్నారు. "ఇది నిజం సైరన్! పైకెళ్ళండి!" అని అరిచాను. "గొడుగు తెచ్చుకోనా?" అన్నారాయన.

అప్పుడు కండక్టర్ గారు గుండెల నిండా గాలి పీల్చుకున్నారు.

"పైకి! పైకి! పైకి! లోపలికి జరగండమ్మా! ఫుట్‌బోర్డు మీద ఎవరూ నిలబడద్దు! ముందుకి జరగండి సార్, పైన బోలెడు ఖాళీ ఉంది!"

ఆ కేకకి వీధి వీధంతా లేచింది. ఇరవై ఏళ్ళుగా ఆ గొంతు జరగమంటే జరిగిన మనుషులు. "ఎవరబ్బా చెప్పేది?" అని ఎవరో అడిగితే, "డాక్టరు గారు చెప్తున్నారు, కోటు కనిపించట్లా?" అన్నారు ఇంకెవరో. అసలు డాక్టరు గారు నోరు తెరిచి ఉన్న పేషెంటుని మళ్ళీ చెయ్యి పట్టుకుని ఎక్కిస్తున్నారు. అదే పేషెంటు! పాపం, ఆ పన్ను ఇంకా పీకలేదు.

రెండో అంతస్తు మలుపులో ఉన్నాం. కాలువ మీది సిమెంటు పలక కుక్కర్ మూతలా ఎగిరింది. ఆ తర్వాత వీధి లేదు. ఎండ అలాగే ఉంది. ఎండలో మట్టి రంగు నీళ్ళు, మెరుస్తూ, పరిగెత్తుతూ, మా ఏడు మెట్లూ ఒక్క గుక్కలో మింగేశాయి.

కాసేపటికి లాండ్రీలోంచి చొక్కాలు బయటికొచ్చాయి. చేతులు చాపుకుని, ఒకదాని వెనక ఒకటి, ఈదుకుంటూ. వాటి వెనక నా కుక్కరు. దాని వెనక ఖాకీ ప్యాంటు.

కండక్టర్ గారు రెయిలింగు మీంచి వంగి చూశారు. "అదిగో, నాకంటే ముందే డ్యూటీకెళ్ళిపోతోంది."

ముందు అక్క నవ్వింది. తర్వాత నేను. తర్వాత మెట్ల నిండా ఉన్న జనమంతా, పట్టుకోవడానికి గోడ అందక ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నవ్వారు. దూది పేషెంటు కూడా. నిద్రలేచి పరిగెత్తుకొచ్చిన అమ్మ, అందరం ఏడుస్తున్నామనుకుని, మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ తడిమి లెక్కపెట్టుకుంది.

అమ్మమ్మ నవ్వీ నవ్వీ, నవ్వు ఆపేసి, మెట్టు మీద కూర్చుంది.

"ఆ నాలుగో మెట్టు మరక వచ్చిన రోజు," అంది నాతో మెల్లగా, "మీ తాతయ్య పైకొచ్చేశాడు. ఒక్క మూట మర్చిపోయానని మళ్ళీ దిగాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది. అప్పట్నుంచి ఇస్త్రీ నేనొక్కదాన్నే చేస్తున్నాగా."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు మాత్రం చెప్పావా, రెండు వారాలుగా బూట్లతో ఎందుకు పడుకుంటున్నావో?"

అక్టోబర్ 7, మంగళవారం

ఇవాళ కుళాయి తిప్పలేదు. హాల్లో, అందరి మధ్యా కూర్చుని ఫోన్ చేశాను.

జలుబు మేడమ్ నా గొంతు గుర్తుపట్టారు. "మీ వీధి..." అని ఆగిపోయారు.

"అందరం బాగున్నామండీ."

ముక్కు చీదుకున్న చప్పుడు. ఈసారి అది జలుబు కాదనుకుంటా.

"సరిగ్గా పదకొండుకే ఇవ్వాల్సొచ్చింది వార్నింగ్," అన్నారు. "పది నిమిషాలు ఆగి మోగిస్తే జనం నమ్ముతారేమో అనిపించింది. ఆగడానికి పది నిమిషాల్లేవు. మోగించమని చెప్పేశాను. చెప్పాక నీ రెండు గ్లాసుల బియ్యమే గుర్తొచ్చింది."

"మీకు భయమేసిందా మేడమ్?"

"వేసింది. చాలా. నీకు?"

ఆఫీసర్లు అలా చెప్పేస్తారని నాకు తెలీదు. హాల్లో అందరూ నన్నే చూస్తున్నారు. అక్క కూడా, దువ్వెన పట్టుకుని.

"వేసిందండీ," అన్నాను. "మొదట్నుంచీ వేస్తూనే ఉంది."

పాత పేజీల్లో అన్నిచోట్లా 'నాకు భయం లేదు' అని ఉంది. కొట్టెయ్యను. ఉండనీ.

నవంబర్ 3, సోమవారం

బురద ఎత్తడానికి పదహారు రోజులు పట్టింది. ఒక మెషీన్ బతికింది. కొత్త మరక ఏడో మెట్టుకి పైన ఉంది. దానికి సున్నం వెయ్యొద్దంది అమ్మమ్మ. పక్కన పెన్సిలుతో తేదీ రాయించింది నాతో. పాత మరక పక్కన కూడా.

కండక్టర్ గారికి వీధంతా కలిసి రెండు జతల ఖాకీ కుట్టించారు. కోటు వదలబుద్ధి కావట్లేదట.

ఇవాళ పదకొండింటికి సైరన్ మోగింది.

వీధి ఆగిపోయింది. పాల బూత్ తాతగారు గడియారం ముల్లు మీద చెయ్యి పెట్టి ఆగారు. కిటికీలోంచి డెంటిస్టు గారు, ఆయన పక్కన నోరు తెరుచుకుని దూది పేషెంటు. అక్క, అమ్మమ్మ మెట్ల మీదికి వచ్చేశారు. కండక్టర్ గారు ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టి సిద్ధంగా ఉన్నారు. అందరూ నా వైపే.

"ఏంటే, నిజందా?" అంది అక్క.

"తెలీదు," అన్నాను. "ఒక్క నిమిషం. చూసి చెప్తాను."

ఒక్కళ్ళు నవ్వలేదు. ఫోను నా జేబులోనే ఉంది. అడుగున చిన్న అక్షరాల దాకా చదివాను. రెండుసార్లు. వీధి వీధంతా ఊపిరి బిగపట్టుకుని నా కోసం నిలబడింది, ఆ పేషెంటు నోరు కూడా మూయకుండా.

"వాచ్ లేదు! టెస్టే!"

"రైట్ రైట్!" అని అరిచారు కండక్టర్ గారు, వీధి కదిలింది.

"రెండు గ్లాసులు," అంది అమ్మమ్మ, మెట్లు దిగుతూ.